లిఫ్టు వెళ్ళని అంతస్తు

తొమ్మిదేళ్ళపాటు రోజుకి నాలుగుసార్లు ఒకే ఇనపపెట్టెలో పైకీ కిందికీ తిరిగిన ఇద్దరు మనుషులు, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఎలా ఉండగలిగారు? ఈ ప్రశ్నకి ఆమె దగ్గర అప్పుడు జవాబు లేదు. ఇప్పుడు డెబ్బై ఎనిమిదో ఏట, చదువుతున్న పుస్తకం ఒళ్ళో బోర్లించుకుని కూర్చున్నప్పుడు కూడా లేదు.

అది ఏడంతస్తుల ఆఫీసు. ఆమె ఆరో అంతస్తులో టైపిస్టు. ఆయన లిఫ్టు నడిపేవారు. మీటలు నొక్కితే వెళ్ళే లిఫ్టు కాదు అది. మడత ఇనప తలుపు, లోపల ఓ మూల ఇత్తడి పిడి, పిడి పక్కన స్టూలు. పిడి ఎడమకి తిప్పితే పైకి, కుడికి తిప్పితే కిందికి. ఎక్కడ ఆపాలో చేతికి తెలియాలి. ఆయన ఆపితే లిఫ్టు నేలకీ అంతస్తు నేలకీ మధ్య అగ్గిపుల్ల మందం తేడా ఉండేది కాదు. పిడి వైపు తిరిగి కూర్చుంటారు కాబట్టి ఎక్కిన వాళ్ళకి ఆయన వీపూ, మెడా తప్ప ఇంకేమీ కనిపించేవి కావు. ఆయనకీ జనం పేర్లతో పని లేదు. అడుగుల చప్పుడు బట్టి ఎవరు ఎక్కారో చెప్పేసేవారు. మూడో అంతస్తు క్యాషియరు "మూడుబాబు". ఏడో అంతస్తు పెద్ద ఆఫీసరు, వెనకాల, "ఏడుపు". ఆమె "ఆరమ్మ". అందరికీ ఆయన లిఫ్టు బాబాయి.

పొద్దున ఎనిమిదిన్నరకి ఎక్కితే సాయంత్రం ఆరింటికి దిగేవారు. బయట ఎండో వానో గొడుగులు చూసి తెలుసుకోవడమే. "ఏమ్మా, తడిసొచ్చారు, జల్లా, జడివానా?" అని అద్దం లేని గోడని చూస్తూనే అడిగేవారు.

ఆ ఏడాది ఆమెకి ఏ వానా పట్టలేదు. అమ్మ పోయి ఎనిమిది నెలలు. పన్నెండేళ్ళు మంచం మీదున్న మనిషి. రాత్రి రెండింటికీ నాలుగింటికీ లేచి పక్కకి తిప్పాల్సిన మనిషి. ఆ మనిషి వెళ్ళిపోయాక కూడా ఆమెకి రెండింటికీ నాలుగింటికీ మెలకువ వచ్చేది. లేచి, ఖాళీ మంచం చూసి, ఇక నిద్ర పట్టక తెల్లారేదాకా చదువుతూ కూర్చునేది. పగలు టైపు మిషను మీద అక్షరాలు ఒకదాని మీదికొకటి ఎక్కేవి. సూపరింటెండెంటు ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టి కాగితాలు వెనక్కి పంపేవాడు.

అలాంటి రోజుల్లో ఓ పొద్దున పదకొండు దాటాక, ఐదుకీ ఆరుకీ మధ్య లిఫ్టు ఆగిపోయింది. దీపం ఆరింది. లోపల వాళ్ళిద్దరే.

"కరెంటు పోయిందమ్మా. అంతే. ఇది ఎక్కడికీ పడిపోదు. దీని తాళ్ళు నాకంటే గట్టివి," అన్నారాయన చీకట్లోంచి.

ఆమె ఎగశ్వాస ఒక్కటే వినిపిస్తోంది. గోడ పట్టుకుని కిందికి జారిపోతోంది.

"ఆరమ్మా, ఇదిగో స్టూలు, కూర్చోండి. ఇరవై ఆరేళ్ళలో దీని మీద నేను కాక ఇంకొకళ్ళు కూర్చోవడం ఇదే మొదలు. ఏడుపుగారు అడిగినా ఇవ్వలేదు."

ఆమెకి నవ్వు రాలేదుగానీ ఊపిరి ఒక్కటి లోపలికి వెళ్ళింది. పై అంతస్తు తలుపు సందుల్లోంచి గీతల్లా పడుతున్న వెలుతుర్లో ఆయన ఇటు తిరిగి నిలబడ్డారు. అప్పుడు చూసింది ఆయన ముఖం. ఆ గొంతుకి మీసం ఉంటుందనుకుంది ఇన్నాళ్ళూ, లేదు. గుండ్రటి ముఖం, కళ్ళ కింద ఉబ్బు, బీరువా జరిపితే వెనక బయటపడే గోడ తెలుపు.

"మీరూ ఆయాసపడుతున్నారేమిటి?" అంది మెల్లగా.

"మీది భయం ఆయాసం. నాది పొట్ట ఆయాసం. నాదే పాతది," అని ఆయన గోడకి ఆనుకున్నారు. ఎవరికీ చెప్పని సంగతి, చీకటి ఇచ్చిన చనువుతో చెప్పుకొచ్చారు. యంత్రాలు నడిపేవాళ్ళకి ఏడాదికోసారి ఆఫీసు డాక్టరు పరీక్ష చేస్తాడు. ఈసారి రక్తపోటు, చక్కెర, బరువు, మూడూ హద్దు దాటాయి. నడవాలి, మెట్లెక్కాలి, ఒంటికి ఎండ తగలాలి. ఆరు నెలల్లో మళ్ళీ చూస్తాడు. అప్పుడూ ఇలాగే ఉంటే పనికిరాడని రాసేస్తాడు.

"లిఫ్టు వాణ్ణి పట్టుకుని మెట్లెక్కమంటాడమ్మా! చేపని పట్టుకుని సైకిల్ తొక్కమన్నట్టు లేదూ?"

"రాసేస్తే ఏమవుతుంది?"

"నాలుగేళ్ళ ముందే ఇంటికి పంపిస్తారు." చెయ్యి చాపి పిడి తడిమారు. "ఇంటికెళ్ళి ఏం చెయ్యను? ఇరవై ఎనిమిదో ఏట ఎక్కాను ఇందులో. ఈ పిడి తిప్పడం తప్ప నాకు ఇంకో పని రాదు. ఇది లేకపోతే నేనేమిటో నాకే తెలీదు."

ఇరవై నిమిషాలకి దీపం వెలిగింది. ఆయన గబుక్కున గోడ వైపు తిరిగిపోయి, "ఆరూ!" అని ఎప్పటిలాగే కేకేశారు, వేరే వాళ్ళెవరో వినాలన్నట్టు.

మర్నాడు భోజనాల గంట కొట్టగానే ఆమె లిఫ్టు దగ్గరికి వెళ్ళి, "పదండి బాబాయిగారూ, మెట్లెక్కుదాం," అంది. ఎందుకలా అందో ఆమెకే తెలియదు. పన్నెండేళ్ళు ఒకరిని లేపీ, కూర్చోబెట్టీ అలవాటైన చేతులకి పని దొరికిందేమో.

భోజనాల వేళ లిఫ్టుకి అరగంట విరామం. ఏడో అంతస్తు దాకా లిఫ్టులోనే వెళ్ళి, అక్కణ్ణుంచి డాబా మీదికి రెండు వరసల మెట్లు. పద్దెనిమిది మెట్లకి ఆయన మూడుసార్లు ఆగారు. పైన తలుపు తోసేసరికి ఎండ ముఖాన కొట్టి ఇద్దరూ కళ్ళు మూసుకున్నారు. నీళ్ళ ట్యాంకు, లిఫ్టు మోటారు గది, కాళ్ళు విరిగిన కుర్చీలు, పిట్టగోడ. అంతకుమించి ఏమీ లేదు.

"ఎక్కాం. ఇప్పుడేం చెయ్యాలి?" అన్నారు ఆయాసంతోనే.

"దిగాలి."

"దీనికోసమా ఎక్కింది?"

నాలుగు రోజులు అలాగే ఎక్కి దిగారు. ఐదో రోజు డాబా మీదికి చేరాక ఆయన మొరాయించారు. పనీపాటా లేకుండా ఎక్కడం సిగ్గుగా ఉందన్నారు. సరిగ్గా ఆ రోజే ట్యాంకు కింద, గచ్చు పగులులో, బెత్తెడు టమాటా మొక్క ఆమె కంటబడింది. ఎవరో తిని పారేసిన దాంట్లోంచి లేచినట్టుంది. ఆకులు వేలాడేసింది. ఆయన వంగి, మోకాళ్ళు పట్టుకుని మరీ వంగి, తను తాగే నీళ్ళ సీసా దాని మొదట్లో ఒంపారు.

మర్నాడు గంట కొట్టకముందే ఆయన గొంతు వినిపించింది ఆరో అంతస్తు వరండాలో: "ఆరమ్మా, త్వరగా రండి. అది ఎండిపోతుంది."

అలా మొదలైంది. వారం తిరిగేసరికి నేల తుడిచే పాలిషు డబ్బాలు పన్నెండు పోగుచేశారు. ఆమె ఊరి చివర మొక్కలమ్మే ఆయన దగ్గర్నుంచి టమాటా, మిరప నారూ, చిక్కుడు గింజలూ తెచ్చింది. గేటు పక్క గోడకోసం తవ్విపోసిన మట్టిని గోనెసంచిలో కొంచెం కొంచెంగా పైకి చేర్చారు. ఆమె గ్రంథాలయంలోంచి తోటపని పుస్తకం తెచ్చి పైకి చదువుతుంటే ఆయన చెవులు రిక్కించి వినేవారు.

"'నాటిన వెంటనే నీడ అవసరం' అని రాశాడు."

"ఈ రాసినాయన ఏ అంతస్తు వాడమ్మా? మన ఎండ చూశాడా?"

కానీ ఆ 'నీడ' అన్న మాట ఆయనకి బాగా పట్టింది. డబ్బాలన్నీ తీసుకెళ్ళి మోటారు గది గోడ వారగా వరసగా పేర్చారు. ఎండా గాలీ తగలని మూల అది. లిఫ్టు ఆగి ఉన్నా లోపల మోటారు గుర్రుమంటూ ఉంటుంది. అక్కడైతే లిఫ్టు గంట వినపడుతుందనీ, ఎవరైనా పిలిస్తే తెలుస్తుందనీ ఆయన వాదన. అసలు సంగతి, ఆ మోటారు చప్పుడు పక్కనుంటే ఆయనకి ధైర్యం. ఆమెకీ మూలలూ నీడలూ అలవాటే. తప్పేమీ కనిపించలేదు.

మూడు వారాలయ్యేసరికి మొక్కలు పొడుగ్గా, సన్నగా, తెల్లగా సాగిపోయి ఒక్కొక్కటే పడుకున్నాయి. ఇద్దరూ కంగారుపడి ఇంకా నీళ్ళు పోశారు. పుల్లలు పాతి దారాలు కట్టారు. ఆయన రోజూ వాటి ముందు కూర్చుని బతిమాలేవారు. ఓ మధ్యాహ్నం మోటారుకి గ్రీజు పెట్టడానికి మెకానిక్కు వచ్చాడు. డబ్బాల్ని చూసి పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడు.

"ఏం బాబాయ్, నువ్వు పెట్టెలో కూర్చున్నది చాలక వీటిని కూడా కూర్చోబెట్టావా? ఎండెక్కడుందో చూడకుండా మొక్క పెట్టినవాణ్ణి నిన్నే చూశాను!"

ఆయన నవ్వలేదు. తన చొక్కా చెయ్యి పైకి మడిచి ముంజేతిని చాలాసేపు చూసుకున్నారు. తర్వాత ఒక పాలిపోయిన మిరప మొక్కని వేలితో నిలబెట్టి చూశారు. వదిలేస్తే పడిపోయింది.

"మెకానిక్కుబాబూ," అన్నారు చివరికి, "తూర్పు ఎటు?"

ఇరవై ఆరేళ్ళుగా ఆ భవనంలో పనిచేసిన మనిషికి అందులో తూర్పు ఎటో తెలియదు. మెకానిక్కు నవ్వు ఆపేసి చెయ్యి చాపి చూపించాడు. తనే రెండు డబ్బాలు ఎత్తి అటు పెట్టాడు.

పన్నెండు డబ్బాల్లో మూడే బతికాయి. మిగతావాటిలో మళ్ళీ విత్తనాలు పెట్టారు, ఈసారి తూర్పు పిట్టగోడ పక్కన. ఆరు నెలల్లో రెండు అప్పుడే గడిచిపోయాయి. ఆయన ఒక లెక్క పెట్టుకున్నారు. వారానికో అంతస్తు కింద లిఫ్టు ఆపేసి, అక్కణ్ణుంచి నడవాలి. మొదటి వారం ఆరు, రెండో వారం ఐదు. నాలుగో అంతస్తు దగ్గర మోకాళ్ళు మొరాయించి రెండు వారాలు అక్కడే ఆగిపోయారు. ఆమె ముందు నడుస్తూ, ఆయన ఆగితే తనూ ఆగి, అలిసినట్టు నటించేది.

"మీరు ఆగింది నాకోసం కాదు కదా?" అనేవారు అనుమానంగా.

"నాకూ వయసొస్తోంది బాబాయిగారూ."

"నలభై ఒకటికేనా! మా ఆవిడ వింటే కొడుతుంది."

ఆవిడ, ఆయన భార్య, ఓ రోజు నిజంగానే వచ్చింది. ఏడంతస్తులూ మెట్లెక్కి వచ్చి, డాబా మీద నడుము మీద చెయ్యేసుకుని నిలబడింది. చొక్కా విప్పి విరిగిన కుర్చీకి తగిలించి, మట్టి చేతులతో ముక్కు తుడుచుకుంటున్న మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు ఇచ్చినచోట నుంచి కదలరు. ఇక్కడ బకెట్లు మోస్తున్నారా!" ఆమె వైపు తిరిగి, గొంతు తగ్గించి, "అమ్మాయ్, ఏం మందు పెట్టావో గానీ, రాత్రి పడుకుంటే పొద్దున్నే లేస్తున్నారు. ఇదివరకు గురకకి పక్కింటివాళ్ళు గోడ తట్టేవాళ్ళు," అంది.

మందు ఆమె కూడా పుచ్చుకుంది, తెలియకుండానే. ఓ శుక్రవారం ఆఫీసుకి గంట ఆలస్యంగా వెళ్ళింది. తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో అదే మొదటిసారి. రెండింటికి మెలకువ రాలేదు. నాలుగింటికీ రాలేదు. కళ్ళు తెరిచేసరికి కిటికీలో ఎండ నిండి ఉంది. ముందు రోజు ఎనిమిది డబ్బాల మట్టి తిరగేసిన చేతులు తియ్యగా సలుపుతున్నాయి. అమ్మ మంచం మీద కాసేపు కూర్చుంది. అప్పుడు, పోయిన రోజున కాదు, పదమూడో నెలలో, తనివితీరా ఏడ్చింది. ఆ రోజు సూపరింటెండెంటుకి ఎర్ర పెన్సిలు తీసే అవసరం రాలేదు. ఆలస్యానికి మాత్రం చీవాట్లు పెట్టాడు. అవి కూడా ఆమెకి హాయిగానే వినిపించాయి.

డాబా మీద ఆ అరగంటలో వాళ్ళు పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. చిక్కుడు తీగ ఏ పుల్లని పట్టుకుంది, ఏ ఆకు కింద పురుగుంది, అంతే. ఆమెకి జీవితంలో ఎన్నో పుస్తకాలు ఓదార్పునిచ్చాయి. కానీ పుస్తకం పక్కన పెట్టగానే మనసు మళ్ళీ అదే గదిలోకి వెళ్ళేది. ఇక్కడ పురుగుని వెతుకుతుంటే ఇంకెక్కడికీ వెళ్ళేది కాదు. గోళ్ళలో మట్టి సాయంత్రం దాకా ఉండేది. టైపు చేస్తూ చేస్తూ వేలు ముక్కు దగ్గర పెట్టుకునేది.

ఆరు నెలలూ నిండాయి. డాక్టరు వచ్చాడు, మొదటి అంతస్తు గదిలో తూకం, రక్తపోటు పట్టీ, సూదులు అన్నీ పరుచుకున్నాడు. ఆయన్ని ఎక్కించి దించి, పట్టీ కట్టి విప్పి, మళ్ళీ కట్టాడు.

"ఏమయ్యా, మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నావా?"

"వేసుకుంటున్నానండి."

"మాత్రలకే ఇంత తగ్గదు. ఏం చేశావు?"

"చూపిస్తాను, పైకి రండి."

"లిఫ్టు ఎవరు నడుపుతారు?"

"లిఫ్టు అక్కడికి వెళ్ళదండి."

ఆయన కింద నుంచి మొత్తం మెట్లూ ఎక్కారు, మెల్లగానే, ఎక్కడా కూర్చోకుండా. వెనక డాక్టరు నాలుగో అంతస్తులో టై వదులు చేశాడు, ఆరో అంతస్తులో కోటు విప్పి, వరండాలో ఎదురుచూస్తున్న ఆమె చేతికిచ్చాడు. డాబా మీదికి వచ్చి విరిగిన కుర్చీలో కూలబడి, "ముందు నా నాడి చూడండయ్యా ఎవరైనా," అన్నాడు. ఊపిరి తిరిగాక చుట్టూ చూశాడు. ఎర్రబడుతున్న టమాటాలు, పిట్టగోడంతా అల్లుకున్న చిక్కుడు, ఊదారంగు పూలు. ఒక టమాటా తుంచుకుని చొక్కాకి తుడుచుకుని తింటూ, కాగితం మోకాలి మీద పెట్టుకుని సంతకం చేశాడు. "మాత్రలు మానకు. దీన్నీ మానకు. ఇంకో నాలుగేళ్ళు నిన్నెవరూ కదిలించలేరు."

ఆ కాగితం ఆయన రెండు చేతులా పట్టుకున్నారు. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. సాయంత్రం దాకా ఎక్కిన ప్రతివాళ్ళకీ ఆయన కబురు చెప్పారు. మూడుబాబు వీపు చరిచాడు. ఏడుపుగారు కూడా, "మంచిది," అన్నాడట.

తర్వాతి నెలలోనే ఆమెకి ఏదో తేడాగా తోచింది. లిఫ్టు జానెడు కింద ఆగింది ఓ రోజు. ఆమె తొట్రుపడింది. ఇంకో రోజు ఐదు దాటించేసి మళ్ళీ వెనక్కి తెచ్చారు. జనం లేనప్పుడు తలుపు తెరిచిపెట్టి గడపలో నిలబడుతున్నారు, ఒక కాలు బయటపెట్టి. గంట మోగినా వెంటనే కదలడం లేదు.

"ఒంట్లో బాగా లేదా?" అని అడిగింది డాబా మీద.

"బాగుందమ్మా. అదే తంటా." చిక్కుడు కాయల్ని చేతిరుమాల్లోకి కోస్తూ ఆయన చెప్పుకొచ్చారు. "బాగా లేనప్పుడు లోపల ఎన్నేళ్ళు కూర్చున్నానో నాకే తెలీలేదు. ఇప్పుడు తలుపు మూస్తే ఊపిరి ఆడడం లేదు. పొద్దున్నుంచీ గంట ఎప్పుడు కొడతారా అని చూస్తున్నాను. అరగంట కోసం తొమ్మిది గంటలు."

"ఆ కాగితం కోసమే కదా ఇంత కష్టపడ్డారు!"

"అవును. దాన్ని చూస్తే నాకే సిగ్గేస్తోంది." కాయలు లెక్కపెట్టనట్టే రెండు భాగాలు చేశారు. "ఆ మొక్కలమ్మే ఆయన ఉన్నాడే, ముసలాయన. నారుమళ్ళు చూసుకోవడానికి మనిషి కావాలంటున్నాడు. నాకు పిడి తప్ప ఏమీ రాదన్నాను. నవ్వి, నా చేతులు చూశాడు."

"వెళ్తారా?"

"యాభై నాలుగో ఏట కొత్త పనేమిటమ్మా! జనం ముక్కున వేలేసుకుంటారు," అన్నారు. అంతటితో ఆ మాట తెగిపోయింది. ఆమెకి తేలిగ్గా అనిపించింది. ఆ తేలికకి తర్వాత చాలాకాలం తనని తాను తిట్టుకుంది.

అది జరిగిన రెండో వారం, గురువారం. మబ్బు లేదు. ఎప్పటిలాగే ఇద్దరూ కలిశారు. ఆయన కొత్తగా పెట్టిన బంతి మొక్కల చిగుళ్ళు గిల్లారు. టమాటా మొదట్లో అడ్డదిడ్డంగా వచ్చిన కొమ్మలు ఎలా తీసెయ్యాలో, ఏది ఉంచాలో, అంతకుముందు ఎన్నోసార్లు చెప్పిందే, మళ్ళీ ఓపిగ్గా చూపించారు. మిరప డబ్బాకి అడుగున చిల్లు పూడుకుపోయిందనీ, పుల్లతో పొడవాలనీ చెప్పారు. ట్యాంకు దగ్గర చేతులు కడుక్కున్నారు, ప్యాంటు కాళ్ళు దింపుకున్నారు, చొక్కా తొడుక్కుని గుండీలు పెట్టుకున్నారు.

"నాకు టైపు చెయ్యాల్సిన స్టెన్సిళ్ళు మూడున్నాయి. ముందు దిగుతాను," అంది ఆమె.

"ఊఁ," అన్నారు. చూపు చిక్కుడు తీగ మీదే ఉంది.

మూడు గంటలప్పుడు ఆరో అంతస్తులో లిఫ్టు ఆగింది. మడత తలుపు ఎవరో కొత్త చెయ్యి లాగినట్టు ధడేలుమంది. "ఇదేనా ఆరు?" అన్న గొంతు ఆమె ఎరగనిది. ఆమె మిషను మీద నుంచి చేతులు తీసేసి వరండాలోకి పరిగెత్తింది. కింద ఆవరణలో, మండుటెండలో, ఆయన గేటు వైపు నడుస్తున్నారు. చేతిలో ఏమీ లేదు. గేటు కాపలావాడు ఏదో అన్నాడు. ఆయన తలూపారు.

ఆమె కేకేద్దామని నోరు తెరిచింది. ఆరంతస్తుల ఎత్తు నుంచి ఏమని పిలవాలో తోచలేదు.

ఆయన తల ఎత్తలేదు. గేటు దాటి, ఊరి చివరకి వెళ్ళే దారి పట్టారు.